నిమ్మచెట్టు పక్కన ఏరియల్

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ మూడేళ్ళూ ఊళ్ళో అద్దె ఇల్లు దొరకడం గగనంగా ఉండేది. సర్కారు గుమాస్తాలే గుడారాల్లో కాపురాలు చేశారు. కడప తంతి ఆఫీసు నుంచి బదిలీ అయి వచ్చిన నాకు పాత ఊళ్ళో ఒక ముసల్మాను ముసలామె ఇంటి వెనక భాగం దొరికింది. ఒక గది, ఒక వంటిల్లు, వెనక చిన్న పెరడు. వచ్చిన మర్నాడే ఆ పెరడును టేపు పెట్టి కొలిచాను. పొడవు ఇరవై రెండు అడుగులు, వెడల్పు పధ్నాలుగు. ఒక మూల స్నానాల బండ, ఆ నీళ్ళు పారే చోట ఒక నిమ్మచెట్టు. మిగిలిన జాగాలో నా భార్య కనకాంబరాలు వేసుకుంది. అందులో నేను అరవై ఆరు అడుగుల రేడియో ఏరియల్ వైరు, మిద్దెను మించిన ఎత్తున, వంకర లేకుండా కట్టాలి. తాను దూర సందు లేదు మెడకో డోలు అన్న సామెత నన్ను చూసే పుట్టి ఉంటుంది.

సరదా కోసం పెట్టుకున్న పని అయితే కొలత చూసిన రోజే మానుకునేవాణ్ణి. నాకు సరదాలు తక్కువ, విసుగు ఎక్కువ. ఇది నాకు తంతి విద్య నేర్పిన పెద్దాయన కోసం.

ఆయనది ఒంటిమిట్ట పక్క పల్లె. కడప ఆఫీసులో మా అందరికీ పెద్ద. చుక్కలూ గీతలూ కొట్టడంలో ప్రతి మనిషి చేతికీ ఒక నడక ఉంటుంది. పేరు చెప్పకపోయినా అవతల మీట మీద ఉన్నదెవరో తెలిసిపోతుంది. ఆయన నడక నిదానం, గీత దగ్గర ఒక పిసరు ఆగేవారు. యుద్ధం అయిపోయాక ఇంట్లోంచే రేడియోలో అవే చుక్కలు, గీతలతో మాట పంపుకోవడానికి లైసెన్సు తెప్పించుకున్నారు. మిలిటరీవాళ్ళు అమ్మేసిన పాత సామాను మద్రాసులో కొనుక్కొచ్చి, పంపే పెట్టెలు రెండు స్వయంగా తయారు చేశారు. ఆఫీసులో అందరి చావులూ పెళ్ళిళ్ళూ మోస్తాం, మన మాట మనం ఎప్పుడు మోసుకుంటాం అనేవారు. రిటైరైన ఏడాదే రెండు కళ్ళకూ ఆపరేషన్ చేశారు. రెండూ పోయాయి. భార్య అంతకు ముందే పోయింది. నాగపూర్‌లో రైల్వే ఉద్యోగం చేస్తున్న కొడుకు వచ్చి, ఆయనను తన దగ్గరికి తీసుకుపోవడానికి సిద్ధమయ్యాడు.

పోయే ముందు నన్ను పిలిపించి, రెండు పెట్టెల్లో చిన్నదాన్ని తడుముతూ నా ముందుకు జరిపారు.

"నువ్వూ లైసెన్సుకు రాయప్పా," అన్నారు. "నేను పోతాండా. కండ్లు పాయె. నువ్వు జాబు రాస్తే నా కోడలు చదవాల. నేను రాయాలన్నా ఆ బిడ్డే రాయాల. మంచి బిడ్డే. కానీ చదివే మనిషి నడుమ ఉంటే మన మాట మనది గాదు. నాకు చెవులుండాయి, చెయ్యి ఉండాది. ఆదివారం పొద్దున ఎనిమిదికి నేను పిలుస్తా. నువ్వు పలుకు, చాలు."

పలుకుతానన్నాను. ఢిల్లీ నుంచి లైసెన్సు రావడానికి ఏడాదిన్నర పట్టింది. అది కర్నూలు ఇంటి అడ్రసు మీద వచ్చింది. ఆ అడ్రసు దాటి ఇంకెక్కడా పెట్టె నడపకూడదని అందులోనే రాసి ఉంది. అంటే ఏం చేసినా ఆ పెరట్లోనే చెయ్యాలి.

వైరు తిన్నగా కట్టాలంటే మా గోడ మీంచి పక్కింటి మిద్దె దాటించి, ఆ వెనకింటి గోడకు బిగించాలి. పక్కింటాయన ఆలూరు వైపు రైతు. ఊళ్ళో పత్తి వ్యాపారం పెట్టి స్థిరపడ్డాడు. మర్యాదగా కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు.

"ఎండాకాలం మేమంతా మిద్దె మీదనే పండుకుంటాం సార్. ఆడోళ్ళు, పిల్లోళ్ళు అంతా. మా నెత్తి మీద కరెంటు తీగ ఏలాడతా ఉంటే నాకు కన్ను మూతపడుతుందా?"

"దాంట్లో కరెంటు ఉండదు," అన్నాను.

"ఏమీ లేకపోతే మాట ఎట్ల పోతాది సార్? దుడ్లిస్తానన్నా నాకొద్దు."

నిజానికి నేను పంపేటప్పుడు ఆ వైరును ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. మజ్జిగ తాగి వచ్చేశాను.

ఇక ఉన్న పెరట్లోనే వైరును గోడల వెంబడి చుట్టు తిప్పి కట్టాను. బట్టలారేసే దండేనికి దానికి తేడా తెలియక నా భార్య రెండుసార్లు తడి చీర వేసింది. ఆదివారం ఎనిమిదింటికి చెవులకు ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాను. పెద్దాయన నడక స్పష్టంగా వినిపించింది. ఏడాదిన్నర తర్వాత విన్నాను, కళ్ళు చెమర్చాయి. వినడానికి మూరెడు వైరున్నా చాలు. వినిపించడానికే ఎత్తూ పొడవూ కావాలి. నేను పలికాను. ఆయన మళ్ళీ పిలిచారు. మళ్ళీ పలికాను. పది నిమిషాలు పిలిచి ఆగిపోయారు. అట్లా మూడు ఆదివారాలు జరిగింది.

పెట్టె నుంచి ఏరియల్‌కు పోయే వైరు మధ్యలో చిన్న టార్చిలైటు బల్బు తగిలించమని ఆయనే నేర్పారు. మీట నొక్కినప్పుడల్లా అది వెలుగుతుంది. ఎంత బాగా వెలిగితే మాట అంత బాగా పోతున్నట్టు. నా బల్బులో ఎర్రటి వెంట్రుకలాంటి తీగ ఒకటి కనిపించి పోయేది, అంతే.

నా అవస్థ జాబు రాశాను. కోడలి చేతి రాతలో జవాబు వచ్చింది. "మామగారు ఇలా రాయమన్నారు. ముప్పై మూడు అడుగుల కొయ్య పాతి, వైరు దాని వెంట నిలువుగా కట్టాలట. నిలువు దానికి పెరడు ఎంత చిన్నదైనా ఫరవాలేదట. కింద రాగి పాతి రెండో వైరు దానికి కలపాలట. అయితే ఆ నేల ఎప్పుడూ తడిగా ఉండాలట. ఇందులో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మీకు అవుతుందన్నారు."

నాకు అర్థమైంది, కింద నేల తడిగా ఉంటేనే మీది వైరులోంచి మాట దూరం పోతుంది. అర్థం కానిదల్లా కర్నూల్లో తడి నేల ఎక్కడ ఉంటుందన్నది. కొళాయి దగ్గర తెల్లారకముందే బిందెలు వరుస పెట్టే వీధి మాది. పెరట్లో గడ్డపార వేస్తే మూడో అడుగున బండ ఖంగుమంది. చెమ్మ ఉన్న చోటు ఒక్కటే, స్నానాల నీళ్ళు పారే నిమ్మచెట్టు మొదలు.

ఆ చెట్టు ఇంటామె భర్త నాటింది. ఆయన పోయాక ఆమె రోజూ పొద్దున దాని నీడలో పీట వేసుకుని కూర్చునేది. వీధిలో ఎవరికి వాంతులైనా, ఎవరికి దిష్టి తీయాలన్నా కాయ ఆ చెట్టుదే. కొయ్య కోసం తెచ్చిన వెదుర్లు బండిలోంచి దింపుతుంటే వచ్చి చూసింది. నన్ను తార్ బాబు అనే పిలిచేది, తంతి బాబు అని.

"ఏ పార్టీ జెండా కడతావు తార్ బాబూ?"

"జెండా కాదమ్మా, ఆఫీసు పని. సర్కారుది."

ఆ అబద్ధం ఆడవలసిన అవసరమే లేదు. గుడ్డి గురువు కథ మొదటి నుంచీ చెప్పాలంటే విసుగేసి, ఒక్క మాటతో తేల్చేశాను. నా విసుగు నాకు చాలా అపకారాలు చేసింది, అన్నిటిలోకీ పెద్దది అదే.

"సర్కారు పనంటే నేనేమంటాను. చెట్టు మాత్రం జాగ్రత్త," అంది.

రెండు నల్లమల వెదుర్లు అతికి కట్టి, ముగ్గురు మనుషుల్ని పిలిచి నిలబెట్టించాను. కింద పాతడానికి రాగి ఎక్కడ తేవాలా అని చూస్తుంటే నా భార్య తన రాగి అండా తెచ్చి నా ముందు పెట్టింది. నీళ్ళు కాచుకునే ఆ అండా అడుగు కారిపోయి ఏడాదయింది.

"మాటు వేపిద్దామని దాచినా. పాతుకో," అంది. "మా అమ్మ సారెలో పెట్టింది. మట్టిలోకి పోతాదని ఆమెకేం తెలుసు."

అండా పాతాను. బల్బు కొంచెం నయం. పెద్దాయనకు ఎవరో పిలుస్తున్నట్టు మాత్రం వినిపించింది. మాట తెలియలేదు. అది వైశాఖం. నేల బాణలిలో వేయించినట్టుంది. బిందెడు నీళ్ళు పోస్తే మధ్యాహ్నానికి జాడ ఉండేది కాదు.

మా వైపు మట్టి మిద్దెల మీద వానలకు ముందు చౌడు పరుస్తారు. పంట పండని చౌడు నేలల్లోంచి తవ్వి తెచ్చే ఆ ఉప్పుమట్టి నీళ్ళను కిందికి దిగనివ్వదు. ఇంటామె తన మిద్దెకు తెప్పించిన చౌడు పెరట్లో కుప్ప పోశారు. పొద్దున్నే చూస్తే, అంత ఎండల్లోనూ ఆ కుప్ప చెమర్చి ఉంది. ఉప్పు, చెమ్మ. రాగి చుట్టూ కావలసినవి ఆ రెండే. నాలుగు గంపలు ఎత్తి గుంతలో అండా చుట్టూ కూరాను. పైన రెండు బిందెలు నీళ్ళు పోశాను. ప్రతి శనివారం అట్లా పోస్తూ వచ్చాను.

మా నాన్న రైతు. చేలో చౌడు పట్టె ఉంటే దాని మీద కాలు పెట్టనిచ్చేవాడు కాదు, పాదాలకు అంటుకుని మంచి నేలకు వస్తుందని. ఆయన కడుపున పుట్టినవాణ్ణి, గంపలతో మోసుకొచ్చి పచ్చటి చెట్టు మొదట్లో పోశాను. పైగా కరిగి దిగడానికి నీళ్ళు పోశాను. ఆ పూట నాకు బల్బు తప్ప చెట్టు కనిపించలేదు.

బల్బు తెల్లగా వెలిగింది. ఆ ఆదివారం నేను పలకగానే అవతలి నుంచి ఆ నిదానం నడక: "వినపడతాండావప్పా. పక్కన కూర్చున్నట్టుండావు."

ఆ తర్వాతి ఆదివారాలే నా కర్నూలు బతుకులో నేను దాచుకున్నవి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకునేవాళ్ళం. పెన్నలో నీళ్ళొచ్చాయా అనేవారు. ఒంటిమిట్ట తేరు బాగా సాగిందా, కడప ఆఫీసు గోడ గడియారం ఇంకా అయిదు నిమిషాలు వెనకేనా అనేవారు. మీటకు నూనె వేసుకోమనేవారు. మెల్లగా వేరే మాటలూ వచ్చాయి. "ఈడ అన్నం బాగా పెడతారప్పా. మాట్లాడే తీరిక ఎవరికీ లేదు. మనవళ్ళకు తెలుగు రాదు. దినమంతా గోడ వైపు కూర్చోనుంటా. వాళ్ళ తప్పేం లేదు." ఇల్లంతా ఆయన చుట్టూ తిరుగుతుండగానే ఇవన్నీ పంపేవారు. వాళ్ళకు అది టిక్కుటిక్కుమనే శబ్దం.

ఈలోగా నిమ్మచెట్టు ఆకుల కొసలు మాడాయి. తర్వాత పసుపు తిరిగాయి. ఈసారి ఎండలు ఎక్కువ కదా అంది ఇంటామె. అవునన్నాను. వానలు పడ్డాక చిగురిస్తుందంది. దానికీ అవునన్నాను. అప్పటికే నాకు అనుమానం ఉంది. నాలుగు గంపలు తవ్వి పారేస్తే చెట్టు బతికేదేమో, ఆదివారం పోయేది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

వానాకాలం వెళ్ళిపోతుండగా ఒక ఆదివారం ఆయన మామూలు మాటలేవీ మాట్లాడలేదు.

"ఒకటడుగుతా. నేను అక్కడికి వచ్చేస్తా. పెన్షను వస్తాది, నీకు బరువు గాను. నీ ఇంట్లో మంచమంత చోటు ఉండాదా?"

గది చుట్టూ చూశాను. ఒక్క గది, అందులో మేమిద్దరం, ఒక పెట్టె, బియ్యం డబ్బాలు. గుడ్డి మనిషి. ఆయన కొడుకు ఏమంటాడు? నా భార్య ఏమంటుంది? ఆయన మీటకు అవతల ఎదురు చూస్తున్నారు. "వచ్చే ఆదివారం చెప్తాను," అని కొట్టాను.

"మంచిదప్పా. తొందర లేదు," అన్నారు. అలవాటు కంటే ఎక్కువసేపు ఆగి, ఆ తర్వాత సెలవు తీసుకున్నారు.

నా భార్యకు చెబితే కూరగాయలు తరుగుతున్న చెయ్యి ఆపలేదు. "దీనికి వారం ఎందుకయ్యా? ఉండాదని అప్పుడే చెప్పాల. విద్య నేర్పిన సారు గదా," అంది. మర్నాడే బియ్యం డబ్బాలు వంటింట్లోకి చేర్చి, అటక మీది నులకమంచం దింపించి, కొత్త నులక అల్లించింది. గోడ పక్కన వేస్తే సరిగ్గా పట్టింది.

ఆ గురువారం ఇంటామె ఒక తోటమాలిని పిలిపించింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అతను చెట్టు మొదట్లో తవ్వి, చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు. "చౌడు," అన్నాడు. ఇంకో రెండు పారలు తవ్వితే అండా అంచు బయటపడింది. ఆమె అండాను చూసింది, నన్ను చూసింది.

"నువ్వు రైతు బిడ్డవని చెప్పింటివి గదా తార్ బాబూ."

తల వంచుకుని అంతా చెప్పాను. పెద్దాయన, నాగపూరు, కళ్ళు, మంచం. ఒక్క ఆదివారం ఉండనిమ్మన్నాను. చౌడంతా నేనే తవ్వి పారేస్తానన్నాను.

"మొదట సర్కారు పనంటివి. ఇప్పుడు గుడ్డి గురువంటాండావు. రేపు ఇంకేమంటావో," అంది. గొంతు పెంచలేదు. "ఇల్లు ఖాళీ చెయ్యమనను. నీ కొయ్య ఈడ ఉండొద్దు. ఇంకేదీ పాతొద్దు."

ఆమెదే న్యాయం. భర్త నాటిన చెట్టును చంపినవాడి మాట నేనైనా నమ్మను. వెదుర్లు ఆ సాయంత్రమే దించారు.

ఆదివారం మళ్ళీ పాత దండెం వైరే దిక్కయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. "చోటు ఉండాదా?" అని ఆయన అడిగారు. "ఉంది, రండి," అన్నాను. ఆయన మళ్ళీ అడిగారు.

జాబు రాసినా, తంతి ఇచ్చినా చదివేది కోడలు. ఆలోచించి ఆలోచించి ఇలా రాశాను: కార్తీకంలో సత్యనారాయణ వ్రతం చేసుకుంటున్నాము, పెద్దలు మీరు వచ్చి కూర్చోవాలి, ఎన్నాళ్ళున్నా ఇంట్లో చోటుంది, ఏరియల్ తీసేయవలసి వచ్చింది కనుక జాబు రాస్తున్నాను. జవాబు కోడలే రాసింది. "మామగారి ఆరోగ్యం ప్రయాణానికి పనికిరాదు. మన్నించగలరు." అంతే. ఆ ఆదివారం ఆయన మళ్ళీ అదే అడిగారు. నా జాబు ఆయన చెవిన వెయ్యలేదని అప్పుడు తెలిసింది. వాళ్ళను దుర్మార్గులనలేను. తండ్రిని ఇంకొకరి ఇంటికి పంపితే నలుగురూ ఏమంటారోనని ఆ కొడుకు భయపడి ఉంటాడు.

స్వయంగా పోదామని సెలవు అడిగాను. రాజధాని హైదరాబాదుకు కదులుతున్న రోజులవి. తంతుల కుప్పల కింద ఆఫీసు మునిగిపోయింది, సెలవు మాట ఎత్తొద్దన్నారు. రోజూ లారీల్లో ఫైళ్ళూ బీరువాలూ కుటుంబాలూ పోయేవి. నెల తిరిగేసరికి మా వీధిలోనే ఆరిళ్ళకు తాళాలు. నేను ఆఫీసుకు పోతుంటే ఇళ్ళవాళ్ళు పిలిచి మరీ అడిగేవారు, ఎవరికైనా గదులు కావాలా అని. సెలవు దొరికేటప్పటికి ఎండలు మళ్ళీ ముదిరాయి. పోయే ముందు వస్తున్నానని రాసిన జాబు, వాళ్ళు అక్కడ లేరన్న గుర్తుతో తిరిగి వచ్చింది. కొడుక్కు ఎక్కడికో బదిలీ అయింది.

ఆయన నాకు చివరిసారి వినిపించింది అంతకు చాలా ముందు, కార్తీకం ఆఖరి ఆదివారం. నా భార్య తలస్నానం చేసి, ఆ మంచం పట్టె మీద కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. ఎనిమిది కాగానే ఆయన పిలిచారు. ఈసారి ప్రశ్న లేదు. ప్రతి అక్షరమూ విడివిడిగా, కొత్తగా నేర్చుకునేవాడికి పంపినట్టు పంపారు.

"పలకలేదంటే చోటు లేదనే గదప్పా. నా ముఖాన కాదనలేక ఊరకుండావు. నాకు తెలుసు. ఇల్లు చిన్నదని నువ్వు ముందే చెప్పింటివి, అడిగింది నాది తప్పు. మనసులో పెట్టుకోవద్దు. ఇంగ పిలవను. నీ చెయ్యి బాగుండాది, చెడగొట్టుకోవద్దు."

"ఏమంటాండాడు సారు?" అంది నా భార్య.

చెప్పాను. ఆమె కాసేపు తను కూర్చున్న మంచం వైపే చూసింది.

"ఉండాదని చెప్పు. ఆపొద్దు, చెప్తానే ఉండు."

చెప్పాను. ఉంది, రండి. ఉంది, రండి. అవతల ఏమీ లేదు. తొమ్మిదైనా మీట వదల్లేదు. నొక్కినప్పుడల్లా బల్బులో ఆ ఎర్రటి వెంట్రుక వెలిగి ఆరిపోతోంది. నా భార్య జుట్టు ముడేసుకోవడం మరిచిపోయి దాన్నే చూస్తూ కూర్చుంది.